మనకు విహారం... వాళ్లకు ఎర్రబస్సు!

'ఓడలు బళ్లవుతాయి, బళ్లు ఓడలవుతాయి' అంటుంటారు మన పెద్దవాళ్లు. కలిమిలేముల గురించి చెప్పిన మాట అది. కానీ ఓడే బండిగా బతుకు వెళ్లదీసే జనం మన దేశంలోనే ఉన్నారు. కేరళ తీరానికి పడమరగా, అరేబియా సముద్రంలో ఉన్న లక్షద్వీప్ వాళ్లు. కూరగాయలు రావాలన్నా ఓడే. కూతుర్ని కాలేజీలో చేర్చాలన్నా ఓడే. మొత్తం 36 దీవులు, మనుషులుండేవి 10. అన్నీ కలిపితే 32 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడున్నది 64,473 మంది. మన జిల్లాల్లో ఓ మోస్తరు పట్టణంలో ఉండే జనం, అంతే!

ఇప్పుడు ఈ దీవుల గొడవ మనకెందుకూ అంటారా? ఎందుకంటే మనం అక్కడికి ప్రయాణమవుతున్నాం కాబట్టి. 2024 జనవరిలో ప్రధానమంత్రి అక్కడి తీరంలో దిగిన ఫొటోలు పేపర్లలో, టీవీల్లో వచ్చిన దగ్గర్నుంచీ అందరి చూపూ అటే. 'ఎప్పుడూ ఊటీ, కొడైకెనాలేనా, ఈసారి ఓడెక్కుదాం' అనే ఇళ్లు మన ఊళ్లలోనూ తక్కువేం లేవు. మంచిదే. ఇల్లు, వంట, ఆఫీసు, పిల్లల పరీక్షల మధ్య నలిగిపోయే ఆడదానికి నాలుగు రోజులు సముద్రపు గాలి దొరుకుతానంటే కాదనేదెవరు? వంట చేసే పనీ, గిన్నెలు తోమే పనీ లేకుండా ఓడ మీద తిని కూర్చోవడం కన్నా సుఖమేముంటుంది!

అయితే ఆ ఓడ ఆగేది ఖాళీ స్థలంలో కాదు. ఒకరి ఊళ్లో. నా మాటంతా ఆ ఊరి గురించే.

ఒక పూట మజిలీ

ఈ ప్రయాణం ఎలా సాగుతుందో ముందు చూద్దాం. కొచ్చిలో ఓడ ఎక్కుతాం. దీవిని బట్టి పద్నాలుగు నుంచి పద్దెనిమిది గంటల ప్రయాణం. లక్షద్వీప్ ప్రభుత్వ పర్యాటక సంస్థ ఏళ్ల తరబడి నడుపుతూ వచ్చిన 'సముద్రం' ప్యాకేజీనే తీసుకోండి. అయిదు రోజుల్లో కవరత్తి, కల్పేని, మినికాయ్ దీవులు చూపిస్తారు. పగలు దీవిలో, రాత్రి ఓడలో. 2021 నుంచి ప్రైవేటు విలాస నౌకలు కూడా ముంబయి వైపు నుంచి వచ్చి అక్కడ ఆగడం మొదలైంది. అవి ఒక్కొక్కటీ వెయ్యిమందికి పైగా పట్టే ఓడలు.

దీవి చుట్టూ పగడపు దిబ్బ గోడలా ఉంటుంది. దాని లోపల లోతులేని నీలం నీళ్లు. పెద్ద ఓడ లోపలికి రాలేదు. అందుకే చాలాచోట్ల బయటి సముద్రంలోనే లంగరు వేసి, మనల్ని చిన్న పడవల్లోకి దింపుతారు. ఓడ ఊగుతుంటే, కింద పడవ ఇంకోలా ఊగుతుంటే, చీరకుచ్చెళ్లు ఒక చేత్తో, పిల్లాణ్ని ఇంకో చేత్తో పట్టుకుని దిగడం సామాన్యమైన విషయం కాదు. ఒడ్డున కొబ్బరిబోండాలతో స్వాగతం. అద్దం అడుగున్న పడవలో పగడాలు చూడటం, ఈత, మధ్యాహ్నం చేపల కూరతో భోజనం, ఓ జానపద నృత్యం... సాయంత్రానికి మళ్లీ పడవ, మళ్లీ ఓడ. అయిదారు గంటల్లో ఒక దీవి 'చూసేశాం'!

ఆ అయిదారు గంటల్లో మనకి ఎదురయ్యేది ఎక్కువగా మగవాళ్లే. పడవ నడిపేది వాళ్లే, మన ముందు కర్రలతో ఆడే కోల్‌కళి ఆటా వాళ్లదే. మరి ఆ ఊరి ఆడవాళ్లెక్కడ? కొబ్బరిచెట్ల వెనక ఇళ్లలో ఉన్నారు. తమాషా ఏమిటంటే, ఆ ఇళ్లు వాళ్లవే!

అప్పగింతలు లేని పెళ్లి

లక్షద్వీప్ ప్రజలు ముస్లింలు. అయినా తరతరాలుగా అక్కడ వంశం తల్లి వైపు నుంచే లెక్క. మానవశాస్త్రవేత్త లీలా దూబే కల్పేని దీవి మీద రాసిన పుస్తకం 1969లో వచ్చింది. ఇస్లాం మతం, తల్లి వైపు వారసత్వం ఒకే ఇంట్లో ఎలా సర్దుకుపోయాయో ఆవిడ అందులో వివరించారు. అక్కడి పాత పద్ధతిలో పెళ్లయిన పిల్ల పుట్టిల్లు విడిచి వెళ్లదు. భర్తే రాత్రిళ్లు భార్య ఇంటికి వస్తాడు, పొద్దున్నే తన తల్లి ఇంటికి వెళ్తాడు. అప్పగింతల ఏడుపే లేని పెళ్లన్న మాట! ఆస్తిని రెండు రకాలుగా చెప్పుకుంటారు. ఉమ్మడి కుటుంబానిది 'శుక్రవారం ఆస్తి'. అది తల్లి వైపు వాళ్లకే చెందుతుంది. ఎవరికి వాళ్లు సంపాదించుకున్నది 'సోమవారం ఆస్తి'. దాన్ని ఇష్టమైనవాళ్లకి ఇచ్చుకోవచ్చు.

మన సంగతి చూడండి. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా రావడానికి మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 దాకా ఆగాల్సి వచ్చింది. దేశమంతటా రావడానికి 2005 అయింది. వచ్చాక కూడా 'కట్నం ఇచ్చేశాంగా, ఇంకా వాటా ఏమిటమ్మా' అని సంతకం పెట్టించుకునే అన్నదమ్ములకు కొదవలేదు.

అలాగని అక్కడ ఆడవాళ్లది స్వర్గమేమీ కాదు. పెద్ద కుటుంబాలు విడిపోతున్నాయి, తండ్రి ఆస్తి పిల్లలకు పంచే పద్ధతి పెరుగుతోంది. ఇల్లు ఆవిడ పేరనే ఉన్నా సముద్రం మీదికి వెళ్లేదీ, బయటి వ్యవహారాలు చక్కబెట్టేదీ ఎక్కువగా మగవాళ్లే. మినికాయ్ మగవాళ్లయితే తరతరాలుగా ప్రపంచంలోని ఓడలన్నిట్లో నావికులుగా పనిచేస్తూ నెలల తరబడి ఊళ్లో ఉండరు. ఊరిని నిలబెట్టేది ఆడవాళ్లే. అక్కడి ఒక్కో పేటకు మగ పెద్ద ఒకరు, ఆడ పెద్ద ఒకరు ఉండే కట్టుబాటు అలా వచ్చిందే. కల్పేనిలో అయితే దీవులన్నిటికన్నా ముందు ఆడపిల్లలు బడికెళ్లారని గర్వంగా చెప్పుకుంటారు. 2011 నాటికి లక్షద్వీప్ ఆడవాళ్లలో దాదాపు 88 శాతం మంది చదువుకున్నవాళ్లే. మన రాష్ట్రం ఆ లెక్క దరిదాపుల్లో కూడా లేదు.

కాబట్టి మనం దిగేది ఏ నాగరికతా ఎరగని అమాయకుల దీవిలో కాదు. చదువుకున్న ఇల్లాళ్ల ఊళ్లో. వాళ్ల పెరట్లో.

పెళ్లివారు మాట్లాడుకున్న బస్సు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మన ఊరికి రోజుకు రెండు ట్రిప్పులు తిరిగే ఎర్రబస్సు ఉందనుకోండి. ఓ పెళ్లివారు దాన్ని మాట్లాడుకున్నారు. ఆ రోజు ట్రిప్పు రద్దు. పెళ్లివారికది సంబరమే. సంతకెళ్లాల్సిన ముసలమ్మ, డాక్టరుకి చూపించుకోవాల్సిన నెలలు నిండిన పిల్ల, పరీక్షకెళ్లాల్సిన కుర్రాడు మాత్రం రోడ్డు మీద నిలబడి ఎదురుచూస్తారు. పెళ్లివారు చెడ్డవాళ్లేం కాదు. బస్సు ఒక్కటే కావడం దగ్గరే చిక్కంతా.

లక్షద్వీప్‌లో జరుగుతున్నది ఇంచుమించు ఇదే. విమానం దిగేది ఒక్క అగత్తి దీవిలోనే. మిగతా దీవులవాళ్లకు ఓడే దిక్కు. 'ఎం.వి. కవరత్తి' అనే ఓడ కథ వినండి. అది మన విశాఖపట్నం హిందుస్తాన్ షిప్‌యార్డులో తయారైంది. 700 మంది పట్టే ఆ ఓడ 2008లో మన దగ్గర్నుంచి వెళ్లి ఆ దీవుల సేవలో చేరింది. ఒకే ఓడలో పై కేబిన్లలో విహారానికి వచ్చినవాళ్లు, బంకుల్లో సొంత ఊరికి వెళ్లేవాళ్లు. ఒకరు కెమెరా పట్టుకుని డెక్ మీద నిలబడితే, ఇంకొకరు కొచ్చి ఆస్పత్రి రిపోర్టులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు.

2021 డిసెంబరు మొదట్లో ఆ ఓడ ఇంజను గదిలో మంటలు లేచాయి. 600 మందికి పైగా ప్రయాణికులున్నారు. అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు. ఆ ఓడ మూలపడటం, మిగిలినవీ సరిగ్గా నడవకపోవడంతో 2022లో దీవులవాళ్లు టిక్కెట్ల కోసం పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు. ధర్నాలు చేశారు. ఓడ లేకపోతే మనకి ఓ సెలవు వృథా అవుతుంది. వాళ్లకి ఇంటికెళ్లే దారే ఉండదు.

అసలే మే నడుమ నుంచి సెప్టెంబరు నడుమ దాకా వానాకాలం. సముద్రం పొంగి ఉంటుంది, చిన్న ఓడలు తిరగవు. ప్రాణం మీదికొస్తే హెలికాప్టరులో కొచ్చికి తరలిస్తారు, అదీ వాతావరణం అనుకూలిస్తేనే. సముద్రం నెమ్మదిగా ఉండే నెలలే వాళ్లకు పెళ్లిళ్ల బజారు, పిల్లల అడ్మిషన్లు, ఆపరేషన్లు పెట్టుకునే కాలం. సరిగ్గా అవే మన టూరిస్టు సీజను కూడా!

మీగడంత మంచినీళ్లు

రెండో చిక్కు నీళ్లు. ఈ బాధ మన ఆడవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఆ దీవుల్లో ఏరు లేదు, కొండ లేదు. వాన నీళ్లు పగడపు ఇసుకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ ఉంటాయి. మంచినీళ్లు తేలిక కదా, పాల మీద మీగడలా పైన నిలుస్తాయన్న మాట. ఆ పొర పల్చనిది. ఎక్కువ తోడితే కింది ఉప్పునీళ్లు పైకొస్తాయి. మరుగుదొడ్ల మురుగు కూడా ఆ ఇసుకలోకే ఇంకుతుంది. చదరపు కిలోమీటరుకి రెండువేల మందికి పైగా ఉండేచోట ఎంత జాగ్రత్తగా ఉండాలో ఆలోచించండి.

2005లో కవరత్తిలో రోజుకు లక్ష లీటర్ల సముద్రపు నీటిని తాగేనీరుగా మార్చే కేంద్రం పెట్టారు. వెచ్చగా ఉండే పైనీటిని తక్కువ ఒత్తిడిలో ఆవిరి చేసి, సముద్రంలో బాగా లోతు నుంచి తెచ్చిన చల్లని నీటితో ఆ ఆవిరిని చల్లబరిచి మంచినీళ్లు తీస్తారు. 2011లో మినికాయ్, అగత్తిల్లోనూ వచ్చాయి. 2024 జనవరిలో కద్మత్‌లో రోజుకు లక్షన్నర లీటర్లది ప్రారంభించారు. అక్కడి ఆడవాళ్లకది నిజంగా పెద్ద ఊరట. కానీ వచ్చినవాళ్లందరం ఉప్పునీళ్లలో ఈత కొట్టి, మళ్లీ మంచినీళ్లతో రెండేసి బకెట్లు స్నానం చేస్తామంటే ఎంతకని సరిపోతాయి?

పగడాల సంగతీ అంతే. సముద్రం వేడెక్కి 1998లో, 2010లో, 2016లో, మళ్లీ 2024లో ఆ పగడాలు పెద్దఎత్తున తెల్లబారిపోయాయి. ఆ దిబ్బే దీవికి ప్రహరీగోడ. దాన్ని తొక్కి, విరిచి, జ్ఞాపకంగా ఓ ముక్క సంచిలో వేసుకోవడమంటే అతిథిగా వెళ్లి ఆ ఇంటి గోడ ఇటుక లాక్కురావడమే. 2001 నుంచి అది వన్యప్రాణి చట్టం కింద నేరం కూడా.

అప్పుడు పీచు... ఇప్పుడు పర్యాటకం

మూడోది డబ్బు. ఓడొచ్చి, ఉన్నది పట్టుకెళ్లడం ఈ దీవులకు కొత్త కాదు. ఒకప్పుడు చాలా దీవులు కన్నూరు అరక్కల్ పాలకుల కింద ఉండేవి. ఆ వంశంలో ఆడవాళ్లు కూడా గద్దెనెక్కారు. వాళ్లని అరక్కల్ బీబీలనేవాళ్లు. దీవుల్లోని ఆడవాళ్లు కొబ్బరి డొక్కల్ని నీళ్లలో నెలల తరబడి నానబెట్టి, కొట్టి, పీచు తీసి, తాడు పేనేవారు. మన కోనసీమ ఆడవాళ్లకి ఆ చేతుల మంట తెలుసు. ఆ తాడు కొనే హక్కు పాలకులదే. వాళ్లు కట్టిన ధరే ధర. బదులుగా ఇచ్చేది బియ్యం. గద్దె మీద ఆడది కూర్చున్నా, తాడు పేనిన ఆడదానికి దక్కింది గుప్పెడు గింజలే!

ఇప్పుడు చూడండి. ప్యాకేజీ డబ్బు మనం ప్రయాణానికి ముందే కట్టేస్తాం. పడక ఓడలో, రాత్రి తిండి ఓడలో, వినోదం ఓడలో. దీవిలో ఉండేది ఒక పూట. మన ఫొటోల కోసం ఊరంతా ఊడ్చి ముస్తాబు చేసిన ఆవిడ కొంగులో ఎంత పడుతుంది? చూసి రావడానికి మనం ఎంత కట్టాం అని లెక్కేస్తాం గానీ, చూపించినవాళ్లకి ఎంత ముట్టింది అని ఎప్పుడన్నా అడిగామా?

'అయితే అసలు వెళ్లొద్దంటారా?' అని మీరు అడగచ్చు. అననే అనను. డిగ్రీలు చదివి ఉద్యోగం లేక కూర్చున్న ఆడపిల్లలు ఆ దీవుల్లోనూ ఉన్నారు. చేపలు, కొబ్బరి తప్ప వేరే ఆధారం లేనిచోట నాలుగు డబ్బులు వచ్చే దారి మూసెయ్యమనడం పెద్దమనిషి తరహా కాదు. జనం రాకపోతే ఓడలూ తగ్గుతాయన్న మాటలో కూడా కొంత నిజముంది. రానివ్వాలి. అయితే ఇంటివాళ్లు ఎలా రమ్మంటే అలా రావాలి.

ఇంటివాళ్లని అడక్కుండా చేస్తే ఏమవుతుందో 2021లో చూశాం. అభివృద్ధి పేరుతో భూమి సేకరించే అధికారాలిచ్చే ముసాయిదా ఒకటి బయటికొచ్చింది. దీవులు భగ్గుమన్నాయి. జూన్ 7న జనం ఎవరిళ్లల్లో వాళ్లే పన్నెండు గంటల నిరాహారదీక్ష చేశారు. ఆ ఇళ్లూ, ఆ నేలా తల్లి నుంచి కూతురికి వస్తున్న ఊళ్లలో ఆ కాగితం చూసి ఎవరి గుండె ముందుగా గుభేలుమని ఉంటుందో వేరే చెప్పాలా?

ఇంటావిడ మాట ముందు

నా మట్టుకు నేను మూడు విషయాలు తేల్చి చెబుతాను.

ఒకటి, దీవుల ఓడల్లో టిక్కెట్టు ముందు దీవి మనిషికి. మిగిలితేనే మనకి. రోగులకు, గర్భిణులకు, చదువుకునే పిల్లలకు అట్టేపెట్టిన సీట్లు సీజను పేరు చెప్పి టూరిస్టులకు అమ్మకూడదు. ఊరి బస్సు ఊరివాళ్లకి నడిచాకే పెళ్లివారికి.

రెండు, ఒక రోజు ఎంతమంది దిగాలన్నది ఓడలో ఎన్ని పడకలున్నాయన్న దాన్ని బట్టి కాదు, ఆ దీవిలో ఎన్ని మంచినీళ్లున్నాయన్న దాన్ని బట్టి నిర్ణయించాలి. నాలుగున్నర వేల మంది కూడా లేని కల్పేని లాంటి చోట ఒకేసారి వెయ్యిమంది దిగితే అది విహారం కాదు, తిరునాళ్లు. మన ఇంటికే నలుగురు చుట్టాలొస్తే ముందు కుళాయి వంక చూసుకుంటాం కదా!

మూడు, ఆ పూట భోజనం, పలహారం, అమ్మకాలు అక్కడి మహిళా సంఘాలకి అప్పగించాలి. కొబ్బరి బెల్లం, కొబ్బరి వెనిగరు, పీచుతో చేసిన వస్తువులు, ఎండబెట్టిన ట్యూనా చేప... ఇవన్నీ వాళ్ల చేతి పనులే. ఇంట్లో గది ఇచ్చి అతిథుల్ని ఉంచుకునే పద్ధతికి అప్పులు, శిక్షణ ఇస్తే ఇంకా మంచిది. ఇల్లు ఎలాగూ ఆవిడదే, రాబడీ ఆవిడకే వస్తుంది. డ్వాక్రా సంఘాలతో ఏం సాధించవచ్చో మన తెలుగు ఆడవాళ్లకు ఒకరు చెప్పాలా?

ఇక మనం చెయ్యాల్సినవి మనకి తెలియనివి కావు. జనం ఉండే దీవుల్లో మందు నిషేధం, మగవాళ్లకి ముందే చెప్పి తీసుకెళ్లండి. ఊళ్లో తిరిగేటప్పుడు ఒంటి నిండా బట్ట ఉండాలి. గుమ్మంలో నిలబడ్డ ఆడవాళ్లని అడక్కుండా ఫొటో తియ్యకండి. మన వాకిట్లో ముగ్గేసుకుంటుంటే ఎవడో వచ్చి ఫొటో తీస్తే ఊరుకుంటామా? తీసుకెళ్లిన ప్లాస్టిక్ సంచీ, చిప్స్ పొట్లం మళ్లీ మన సంచిలోనే వెనక్కి రావాలి. అక్కడ పారబోయడానికి ఊరి చివర అంటూ ఏమీ లేదు, ఎటు నడిచినా సముద్రమే. ఏదైనా కొనేది ఉంటే ఓడ దుకాణంలో కాకుండా ఆ ఊరి ఆడవాళ్ల దగ్గర కొనండి. బేరం మరీ గీచి గీచి ఆడకండి. టిక్కెట్టు బుక్ చేసేటప్పుడే 'ఈ డబ్బులో దీవికి వెళ్లేదెంత?' అని ఒక్క మాట అడగండి. పదిమంది అడిగితే జవాబు సిద్ధం చేసుకోక తప్పదు వాళ్లకి.

లక్షద్వీప్ కేంద్రపాలిత ప్రాంతమైంది, ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది ఒకే రోజున, 1956 నవంబరు 1న. ఆ లెక్కన మనకూ వాళ్లకూ పుట్టినరోజు ఒకటే. తోడబుట్టినదాని ఇంటికి వెళ్లినప్పుడు చేతిలో పండో పువ్వో పెడతాం, తిన్న ఆకు తీస్తాం, ఆవిడ పనికి అడ్డం రాకుండా మసలుతాం. ఓడలో వెళ్లినా చుట్టరికం చుట్టరికమే. మనం ఎక్కిన పెళ్లి బస్సు కిటికీలోంచి బయటికి చూద్దాం. రోడ్డు మీద చెయ్యెత్తి నిలబడ్డ ఆడది కనిపిస్తే, కాస్త జరిగి ఆవిడకి చోటిద్దాం. బస్సు ఆవిడది.